ఓడ బావ పంపిన పూలు

“సాయంత్రం చెబుతానన్నావా? లేదని చెప్పి పంపెయ్యక, అంతసేపు నానబెట్టడానికి ఆయనేమన్నా మాసిన బట్టా?”

వంటింటి గుమ్మానికి అడ్డంగా నిలబడి అడిగింది వదిన. అడిగింది ఆడపడుచుని. జవాబు వచ్చింది మాత్రం అత్తగారి నుంచి.

“అద్దాలాయన అడిగింది దాన్ని. నిన్ను కాదుగా.”

“నన్నెందుకు అడుగుతాడు అత్తయ్యా, నాకు పెళ్లయిపోయింది.”

“అదే నేనూ అంటున్నాను. నీకు అయింది. దానికి కాలేదు. అయినవాళ్లే కానివ్వకపోతే ఇంకెవరు కానిస్తారు?”

వదిన గిన్నెల వైపు తిరిగింది. జవాబు లేనప్పుడు గిన్నెలు సర్దడం ఆమె అలవాటు. నాలుగు గిన్నెలు అవసరానికి మించి చప్పుడు చేశాయి.

ఆ ఇంట్లో కింద పూలకొట్టు, పైన కాపురం. కొట్టు కింద, కొట్లాట పైన. మధ్యలో ఒక ఇరుకు మెట్లవరస. ఒకరు ఎక్కుతుంటే ఇంకొకరు గోడకి అతుక్కోవాలి. ఆ ఇంట్లో ఎప్పుడూ గోడకి అతుక్కునేది ఒక్కతే. ఇప్పుడు బల్ల చివర కూర్చుని రొట్టెముక్క టీలో ముంచుకుంటున్నది ఆమే.

ఆమె అసలు పేరు ఇంట్లోవాళ్లు పిలవడం మానేసి చాలా కాలమైంది. ఏ పనైనా తొందర లేకుండా చేస్తుందని నిదానం అన్నారు, అదే అతుక్కుపోయింది. నిదానమే ప్రధానం అంటారు గానీ, ఈమె విషయంలో నిదానం మిగిలింది, ప్రధానం జరగలేదు.

జరగడానికి నిన్న సాయంత్రం ఒక దారి పడింది. ఎదురు వరసలో కళ్లజోళ్ల దుకాణం నడిపే అద్దాలాయన కొట్టులోకి వచ్చి, ఒక్క పువ్వూ కొనకుండా, తిన్నగా అడిగేశాడు. భార్య పోయిన మనిషి. చలికాలంలో ఒకసారి అడిగి కాదనిపించుకున్న మనిషి కూడా. దుకాణం వేరే ఊరికి మార్చేస్తున్నాడు. రేపు పొద్దున సామాను లారీ ఎక్కుతుంది. లారీతో పాటు ఆయన, ఒప్పుకుంటే ఆయనతో పాటు ఈమె. ఊరందరి చూపూ సరిచేసే మనిషి ఈమె మీద నుంచి మాత్రం చూపు తిప్పుకోలేకపోయాడు.

“రేపు సాయంత్రం చెబుతాను” అంది నిదానం.

అప్పటినుంచీ వదినకి అన్నం సయించడం లేదు.

“అద్దాలాయనకేం తక్కువ?” అత్తగారు మళ్లీ అందుకుంది. “కళ్ల ముందు కనిపిస్తున్నాడు. ఆ ఓడ ఏ నీళ్ల మీదుందో ఎవడికి తెలుసు?”

“ఓడాయన మాటిచ్చాడు అత్తయ్యా.”

“మాట ఇచ్చినవాణ్ణి మనిషిని కూడా ఇవ్వమను. మాటతో కాపురం చెయ్యాలంటే నేను చేసేదాన్ని, మీ మామగారు మాటలకేం తక్కువ చెయ్యలేదు.” ఆవిడ కాస్త ఆగి, గొంతు తగ్గించింది. “అయినా అల్లుడు ఓడ ఇంజనీరని వీధంతా చెప్పుకున్నాను. ఇప్పుడు కాదంటే నా మొహం ఎక్కడ పెట్టుకోను?”

నిదానం టీ గ్లాసు కింద పెట్టింది.

“వదినా, ఆయన వస్తాడంటావా?”

గిన్నెల చప్పుడు ఆగింది.

“నన్నడుగుతావేమిటి? నీ మనసునడుగు.”

“అడిగాను. వస్తాడనే అంటోంది. కాకపోతే దానికి నా మీద ప్రేమ ఎక్కువ, నాకిష్టమైనదే చెబుతుంది. అందుకని నిన్నడుగుతున్నాను.” కొంగుతో మూతి తుడుచుకుంది. “ఇవాళ పూలు వచ్చే రోజు. కార్డు మీద ఒక్క మాటుంటే చాలు, వస్తున్నానని. ఉంటే అద్దాలాయనకి లేదని చెప్పేస్తాను. లేకపోతే నా బట్టలు ఒక సంచిలో పడతాయి.”

చెప్పి, మెట్లు దిగి, కొట్టులోకి వెళ్లిపోయింది.

వదినకి ఒక్కసారిగా ఊపిరాడింది. ఒక్క మాటే కదా. మాటలకి ఆమె దగ్గర కరువా?

కొట్టు నడిచే తీరు తెలిస్తే ఆ ఊపిరి ఎందుకు ఆగిందో, ఎందుకు ఆడిందో తెలుస్తుంది. ఎక్కడెక్కడి వాళ్లో ఫోన్లో వేలు పెట్టి, ఈ ఊళ్లో ఉన్న తల్లులకీ పెళ్లాలకీ అలిగినవాళ్లకీ పూలూ కేకులూ పంపిస్తారు. వాళ్లు ఏ మూల నుంచి పంపినా, కంపెనీ ఆ ఆర్డర్ని తెచ్చి పడేసేది ఈ ఒక్క కొట్టులోనే. ఇక్కడే కట్టాలి, ఇక్కడి నుంచే ఇవ్వాలి, పుచ్చుకున్న మనిషిని పూలతో ఫోటో తీసి పంపాలి. స్కూటర్ మీద తిరిగి ఇచ్చివచ్చేది వదిన మొగుడు. ఆర్డర్లు చూసుకునేది వదిన. కట్టేది నిదానం. వాళ్లు అక్కడ వేలు పెడితే ఇక్కడ ఈమె చెయ్యి పడాలి. ఆ చెయ్యి పడిన పూలగుత్తికే కంపెనీ చుక్కల మీద చుక్కలు ఇస్తుంది. వదిన ఒకసారి కట్టి చూసింది. ఆ రోజు పుచ్చుకున్నావిడ, ఎవరన్నా పోయారా అని అడిగింది.

ఆ ఆర్డర్ల గుంపులోనే పోయిన చలికాలంలో ఓడ బావ వచ్చాడు. అద్దాలాయన మొదటిసారి అడిగిన వారంలోనే. పెళ్లి హాల్లో మీరు పూలు సర్దుతుంటే చూశాను, ఓడలో ఇంజనీర్ని, ఒడ్డుకి రాగానే మీ దగ్గరికే వస్తాను అని కార్డు. ఫోన్ చెయ్యడు, సముద్రంలో ఫోన్ పనిచెయ్యదట. ఫోన్ పనిచెయ్యని సముద్రంలో పూల కంపెనీ ఎలా పనిచేస్తుందని ఎవరూ అడగలేదు. మనసుకి సిగ్నల్ బాగా అందేటప్పుడు మెదడుకి అందదు. ఆ వారం నుంచి ప్రతి వారం పూలు. ఎక్కడి నుంచి వచ్చినా ఇక్కడే కట్టాలి కాబట్టి, తన పూలు తనే కట్టుకుని, తనే పట్టుకుని, తన ఫోటో తనే తీసి పంపేది నిదానం. ఆర్డర్లో రాసినదాని కంటే ఒక్క కొమ్మ ఎక్కువ పెట్టుకునేది కాదు.

ఓడ లేదు. బావ లేడు. ఉన్నది వదిన.

ఓడే లేదు గనుక మునిగే భయమూ లేదు. మునుగుతున్నది ఒడ్డున నిలబడ్డ మనిషి. ఆ ఫోటోలు వచ్చేది వదిన ఫోన్‌కే. మొదట్లో వాటిని చూసి నవ్వుకునేది. తరవాత తరవాత విసుగొచ్చింది. ఒకే చీరలో మళ్లీ దిగిందేమిటి, ఆయన చూస్తాడని సిగ్గయినా లేదు అనుకునేది.

ఆమె వెనక వసారాలోకి వెళ్లి, ఆరేసిన దుప్పటి చాటున నిలబడి, ఈ వారం ఆర్డర్ పెట్టింది. తెల్ల లిల్లీలు. ఒక చిన్న కేకు. కార్డు మీద మాటలకోసం కాసేపు గోళ్లు కొరుక్కుని, రాసింది: ‘వచ్చే వారం ఒడ్డుకి వస్తున్నాను. ఎవరికీ మాటివ్వకు.’

*

“ఇంక చాలే” అన్నాడు మొగుడు.

స్కూటర్ తాళం వేలికి తిప్పుకుంటూ వసారా గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఎప్పటినుంచి ఉన్నాడో ఏమో. అతనికి మొదటినుంచీ అంతా తెలుసు. తెలిసినది తెలియనట్టుండడం అతనికి పుట్టుకతో వచ్చిన చదువు. ఇంకే చదువూ అబ్బలేదు.

“ఏం చాలు?”

“అద్దాలాయన మంచివాడు. చేసుకోనీవే.”

“చేసుకోనిస్తాను. వచ్చే వారం కంపెనీ ఒప్పజెప్పిన పెళ్లి హాలుకి గుమ్మాలూ బల్లలూ నువ్వు కట్టేటట్టయితే. నువ్వు ఇప్పటిదాకా కట్టినవల్లా నాకు తాళి, స్కూటర్‌కి డబ్బాలు. రెండూ వదులుగానే ఉన్నాయి.”

“పాపం కదే.”

“పాపమైతే నాకు తగులుతుంది. నీకేం, నువ్వు స్కూటర్ మీద ఉంటావు, ఏదీ తగలదు.”

“నా చెల్లెలే అది.”

“ఇవాళ గుర్తొచ్చిందా? మొన్న చలికాలంలో నేను మొదటి కార్డు రాస్తే నోరెత్తలేదని, ఈ వీధిలో నీలాంటి అన్న లేడని నేనే అన్నాను. అప్పుడు గుర్తు రాలేదు. అది పోతే కొత్త మనిషిని పెట్టుకోవాలి, జీతం ఇవ్వాలి, చెప్పిన మాట వినేటట్టు చేసుకోవాలి. ఇది మూడూ లేకుండా ఉంది.”

మొగుడు తాళం తిప్పడం ఆపాడు. అతనేదో అనబోయేలోగా లోపలి నుంచి అత్తగారి కేక. “నిద్రపడుతుంటే ఏమిటా గుసగుసలు? గుసగుసలాడే మొగుడూ పెళ్లాలు ఎవరి కొంపో ఒకటి ముంచుతారు.”

“మీ అబ్బాయికి చొక్కా గుండీ కుడుతున్నాను అత్తయ్యా.”

“నోటితోనా?”

సరిగ్గా ఆ వేళకి నడుం దగ్గర ఫోన్ వణికింది. తీసి చూసింది. తెల్ల లిల్లీలు అయిపోయాయి, బదులు ఏం పెట్టమంటారు, అని ఉంది.

ఇది రోజూ ఉండేదే. బకెట్లో ఏదన్నా అయిపోతే నిదానం మెట్ల కింద నుంచి అరిచి అడుగుతుంది. అత్తగారు పడుకుంటే అరవకుండా ఫోన్లో అడుగుతుంది. దానికి వదిన చెప్పే జవాబూ రోజూ ఉండేదే. ఆ కొట్టులో గోడ మీద రాయని నియమం ఒకటుంది: ముందు నిన్నటివి కానివ్వు. వాడిన గులాబీకి పైరేకులు నాలుగు వలిచేస్తే లోపలిది మొగ్గలా తాజాగా కనిపిస్తుంది. పుచ్చుకున్నవాళ్లకి రెండో రోజున తెలుస్తుంది. రెండో రోజు సంగతి కొట్టుకి అక్కర్లేదు.

ఒక చెవి అత్తగారికీ ఒక కన్ను మొగుడికీ ఇచ్చి, మిగిలిన బొటనవేలితో జవాబు కొట్టింది వదిన: ‘నిన్నటి గులాబీలున్నాయిగా. పైరేకులు వలిచి ముందు అవి కానివ్వు.’

ఫోన్ మళ్లీ నడుం చేరింది. మాట మళ్లీ మొగుడి మీదికి వెళ్లింది.

“ఇంతకీ గుండీ ఏది?”

*

వదిన కిందికి దిగేసరికి కొట్టు మామూలుగానే ఉంది. మామూలుగా ఉండడమే ఆమెకి నచ్చింది. తడి నేల, తెగిన కాడల వాసన, రిబ్బన్ చుట్టలు, చల్లపెట్టె హోరు. నిదానం బల్ల ముందు నిలబడి గులాబీల పైరేకులు వలుస్తోంది. ఒక్కొక్క రేకూ నొప్పి తెలియకుండా తీస్తున్నట్టు తీస్తోంది.

“ఆర్డర్ వచ్చిందా?” అంది వదిన, ఏమీ ఎరగనట్టు.

“వచ్చింది. నాదే.”

“కార్డు చదివావా?”

“చదివాను. వచ్చే వారం వస్తున్నాడట.”

“నేను చెప్పలేదూ.” వదిన మొహం విచ్చుకుంది. విచ్చుకున్న మొహంతోనే చుట్టూ చూసింది. చూపు వెళ్లి మూలనున్న బకెట్ దగ్గర ఆగిపోయింది. బకెట్ నిండా తెల్ల లిల్లీలు. పొద్దున దిగిన సరుకు, కట్ట కూడా విప్పలేదు.

“అదేమిటి, లిల్లీలు ఉన్నాయిగా. అయిపోయాయన్నావు?”

“నీకు అనలేదే నేను.”

వలుస్తున్న చెయ్యి ఆగలేదు.

“ఓడ బావకి అన్నాను. ఏదన్నా అయిపోతే పంపినవాళ్లని అడగమని కంపెనీ ఒక మీట పెట్టిందిగా, ఎప్పుడూ నువ్వే నొక్కుతావు. ఇవాళ నేను నొక్కాను. అబద్ధమే వదినా. పూలున్నాయి. అయినా ఇన్నాళ్లలో నేను ఒకటి అడిగి, ఆయన ఒకటి చెప్పడం ఒక్కసారీ జరగలేదు. సాయంత్రం ఆయన్ని నమ్ముకుని ఒకరిని కాదనబోతున్నాను కదా. ఒక్క మాట మాట్లాడాలనిపించింది.”

వదిన చెయ్యి నడుం దగ్గరి ఫోన్ మీదికి పోయింది.

“వెంటనే జవాబిచ్చాడు. చదవనా?” బల్ల మీది ఫోన్ వైపు చూడకుండానే చదివింది. “నిన్నటి గులాబీలున్నాయిగా. పైరేకులు వలిచి ముందు అవి కానివ్వు.”

చల్లపెట్టె హోరు హఠాత్తుగా పెద్దదైనట్టయింది.

“అంత సముద్రం మీద నుంచి మన బకెట్లు కనిపిస్తున్నాయి ఆయనకి. అద్దాలాయన దగ్గర కూడా అంత మంచి అద్దం లేదు.”

“కంపెనీ వాళ్లు ఏదో పొరపాటున…”

“అయుండచ్చు.”

ఆ ‘అయుండచ్చు’లో కోపం లేదు, వెక్కిరింత లేదు. ఉంటే వదినకి బాగుండేది. పోట్లాటకి ఆమె ఎప్పుడూ సిద్ధమే; ఎదురుగా పోట్లాట లేకపోతేనే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

నిదానం ఇంకో రేకు వలిచింది. వలిచేకొద్దీ గులాబీ కొత్తదవుతోంది, చిన్నదవుతోంది.

వీధిలో స్కూటర్ ఆగింది. మొగుడు ఖాళీ డబ్బాలతో లోపలికి వచ్చాడు.

“అన్నయ్యా, నీకు తెలుసా?”

ఏమిటని అతను అడగాల్సింది. అడగలేదు. చెల్లెల్ని చూశాడు, పెళ్లాన్ని చూశాడు, తరవాత చాలాసేపు చేతిలోని హెల్మెట్‌ని చూశాడు.

“తెలుసన్నమాట” అంది నిదానం. “అమ్మకి?”

“తెలియదు” అన్నాడు అతను హెల్మెట్‌తో. “నీకూ తెలియకుండా ఉంటే బాగుండునని… నేను చెబుతూనే ఉన్నాను దానికి…”

“నాకు చెప్పి ఉండాల్సింది అన్నయ్యా. దానికి చెబుతూ ఉన్నావు.”

అతను డబ్బాలు దించి, లోపల దించాల్సినవేవో గుర్తొచ్చినట్టు వెనకగదిలోకి జారుకున్నాడు. అతని వెనకే తలుపు మెల్లిగా మూసుకుంది. ఆ తలుపు చప్పుడుతో వదినకి మళ్లీ గొంతు వచ్చింది. తప్పు చేసిన మనిషికి రెండు దారులుంటాయి, కాళ్ల మీద పడడం, మీద పడడం. వదినకి మోకాళ్ల నొప్పులు.

“అవును, నేనే. ఏం చేస్తావు ఇప్పుడు?” అంది. “అద్దాలాయనతో వెళతావా? వెళ్లు. కాదన్నదెవరు? కాకపోతే వెళ్లేముందు ఆయనకి చెప్పి మరీ వెళ్లు, చలికాలంలో ఎవరి కోసం ఆయన్ని కాదన్నావో. ఓడాయన ఏమయ్యాడని అడుగుతాడు కదా, మనిషన్నాక. మా వదిన ఫోన్లో ఉన్నాడని చెప్పు. వారం వారం నా పూలు నేనే కట్టుకుని, ముస్తాబై ఫోటో దిగి, మా వదినకి పంపాను అని చెప్పు.”

నిదానం చెయ్యి మొదటిసారి ఆగింది.

“ఆయన మంచివాడు. ముందు నవ్వడు” అంది వదిన. గొంతులో జాలి లాంటిది కలిపింది. అది కలిస్తే మాట ఇంకా లోతుగా దిగుతుందని ఆమెకి తెలుసు. “పెళ్లయ్యాక నవ్వుతాడు. ఏదో ఒక రోజు అన్నం దగ్గర కూర్చుని, ఓడెప్పుడొస్తుందే అంటాడు. సరదాకే. నువ్వూ నవ్వాలి. ఆ తరవాత ఆ ఊరంతా నవ్వుతుంది. ఇక్కడంటే నేనూ మీ అన్నయ్యే నవ్వుతాం.”

నిదానం మళ్లీ పనిలో పడింది. వలిచిన గులాబీలన్నీ ఒక గుత్తిగా చేర్చింది. కాడలు సమంగా కోసింది, రిబ్బన్ చుట్టింది, కార్డు గుచ్చింది. గోడ దగ్గరికి వెళ్లి నిలబడి, గుత్తిని గుండెల దగ్గర పట్టుకుని, ఫోన్ ఎదురుగా పెట్టుకుని ఫోటో తీసుకుంది.

వదిన నడుం దగ్గర ఫోన్ వణికింది. ఆమె తియ్యలేదు.

“చూడు వదినా. నీకోసమే దిగాను.”

*

సాయంత్రం అద్దాలాయన వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. కాలరు వెనక ఇస్త్రీ పెట్టె ఆగిన మచ్చ ఉంది, చెప్పేవాళ్లు లేని ఇంటి మచ్చ. తలుపు దగ్గరే నిలబడి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు, మళ్లీ పెట్టుకున్నాడు.

కబురు విని అత్తగారు మెట్లు దిగి వచ్చి, చివరి మెట్టు మీదే కూర్చుంది. మొగుడు రిబ్బన్ చుట్టల వెనక నిలబడ్డాడు.

“సామాను సర్దడం అయిపోయింది” అన్నాడు అద్దాలాయన నిదానంతో. “మీ మాట ఒక్కటే మిగిలింది.”

“వదిన చెబుతుంది” అంది నిదానం.

కొట్టులో ఉన్నవాళ్లందరూ వదిన వైపు తిరిగారు. వదిన కూడా తిరిగేదే, తను కాకపోతే.

“నేను మిమ్మల్ని అడిగాను.”

“నా జవాబులన్నీ వదిన దగ్గరే ఉంటాయండీ. ఏది చెప్పినా నాకు ఒప్పే.”

అద్దాలాయనకి అర్థం కాలేదు. వదినకి అయింది. నిదానం తన నోటితో ఆ మాట చెప్పలేదు. ఇందాక తను చెప్పి బెదిరించిన ఆ నవ్వు, ఆమె గొంతుకి అడ్డం పడి ఉంది. అందుకని తలుపు తీసే పని తనకి అప్పజెబుతోంది. ఓడాయన లేడండీ, తీసుకెళ్లండి అంటే సరిపోతుంది. రెండు మాటలు. అవమానం తనకే మిగులుతుంది గానీ, నిదానం రేపు పొద్దున లారీ ఎక్కి వెళ్లిపోతుంది.

ఆమె నిజంగానే నోరు తెరిచింది. ఈ ఒక్కమారు మంచి మాటే వచ్చేదేమో. కానీ అదే క్షణంలో చూపు బల్ల మీదికి పోయింది. వచ్చే వారం పెళ్లి హాలు. గుమ్మాలు, బల్లలు, మెట్లు, పెళ్లివారి కార్లు. ఆ బల్ల ముందు ఈ మనిషి లేకుండా తనొక్కతే నిలబడి ఉన్నట్టు కనిపించింది.

“ఓడాయన వచ్చే వారం వస్తున్నాడండీ” అంది. “ఇవాళే కబురొచ్చింది.”

మెట్టు మీద అత్తగారు రెండు చేతులూ గుండెల మీద పెట్టుకుంది. రిబ్బన్ల వెనక ఏదో చుట్ట కింద పడి, విచ్చుకుంటూ తలుపు దాకా దొర్లింది. ఎవరూ తియ్యలేదు.

అద్దాలాయన నిదానాన్ని చూశాడు.

“నిజమేనా?”

ఆమె వదిననే చూస్తోంది. ఎంతసేపు చూసిందంటే, వదిన తల దించుకోవాల్సి వచ్చేంతసేపు.

“కబురొచ్చిన మాట నిజమేనండీ.”

ఆయన తల ఊపాడు. వెళ్లిపోతాడనుకున్నారు. రెండడుగులు వేసి ఆగాడు.

“నా దుకాణానికి రకరకాల వాళ్లొస్తారు. దగ్గరివి కనపడనివాళ్లకి అద్దాలున్నాయి, ఇస్తాను. దూరానివి ఉన్నవాటికన్నా గొప్పగా కనిపించేవాళ్లు కొందరుంటారు, వాళ్లకి అద్దాల్లేవు. చలికాలంలో మీరు కాదన్నప్పుడే ఈ సంగతి గుర్తుపట్టాలి నేను. నా కళ్లే నేను చూపించుకోలేదు.” గొంతు మర్యాదగానే ఉంది. “ఆయన వచ్చాక ఒకసారి మీ మొహం ఆయన్ని సరిగ్గా చూడమనండి. ఓడ మీద నుంచి చూసినట్టుండదు. వయసు కనిపిస్తుంది.”

ఆ మాట పడాల్సిన చోట పడింది. పడ్డ చప్పుడు మాత్రం రాలేదు. ఆయన వీధి దాటి, తన దుకాణంలోకి వెళ్లి, లోపల దీపం ఆర్పేశాడు.

“పోతే పోయాడు, ఎంత మాటన్నాడు” అంది అత్తగారు. అని, వెంటనే మరిచిపోయింది. “వచ్చే వారమా? ఏ రోజున? ఏమే కోడలా, ఏ రోజని రాశాడు?”

వదిన లెక్క చూసుకుంది. గెలిచింది. మనిషి ఇంట్లోనే ఉంది, చెయ్యి కొట్టులోనే ఉంది. నాలుగు రోజులు ముభావంగా ఉంటుంది, అయిదో రోజున మామూలవుతుంది. నిదానమైన మనుషులకి కోపం కూడా నిదానంగానే వచ్చి, వచ్చేలోపే దారి మరిచిపోతుంది.

“రోజు రాయలేదు అత్తయ్యా. ఓడ కదా, గాలిని బట్టి ఉంటుంది.”

“ఈ కాలపు ఓడలకి గాలేమిటే?”

నిదానం బల్ల మీది ఫోన్ తీసుకుని ఏదో రాసి, వచ్చిన జవాబు చూసుకుని, పక్కన పెట్టి, పంపు కింద చేతులు కడుక్కుంది. గోళ్ల సందుల్లో ఆకుపచ్చ మరక పోయేదాకా రుద్దుకుంది. నడుం చుట్టూ కట్టుకున్న గుడ్డ విప్పి, మడిచి, దాని మీద కత్తెర పెట్టి, రెండూ కలిపి తెచ్చి వదిన చేతిలో పెట్టింది.

“ఇదేమిటి?”

“పెళ్లికూతుర్ని కదా. చేతులు పాడైపోతాయి.”

“వేళాకోళమా? రేపటి ఆర్డర్లు?”

“రావు. కంపెనీకి రాసేశాను, ఇంట్లో పెళ్లి అని. పెళ్లికొడుకు వచ్చేదాకా ఆర్డర్లు తీసుకోం అని.”

“ఎప్పుడు రాశావు?”

“ఇందాక, నువ్వు ఆయన వస్తున్నాడన్నాక. నువ్వన్న తరవాతే రాశాను వదినా. అనకపోతే రాసే అవసరం ఉండేది కాదు. పెళ్లి హాలు పని పక్క ఊరి కొట్టుకి ఇచ్చేస్తామని జవాబు కూడా వచ్చింది.”

రిబ్బన్ల వెనక నుంచి మొగుడు బయటికి వచ్చాడు. “చెల్లీ, అంత పని చేస్తే కొట్టు…”

“కొట్టుకేం అన్నయ్యా? వారం రోజులు. ఆయన రాగానే తెరుద్దాం.”

“రాకపోతే?” అనేసింది వదిన.

అనకూడని చోట అన్నానని ఆమెకి తెలిసేలోపే అత్తగారు లేచి నిలబడింది.

“రాకపోవడమేమిటే? నోరా అది, మురికి కాలవా? వస్తున్నాడని బయటివాడి ముందు చెప్పింది నువ్వు కాదూ? నా కూతురికి ఇన్నాళ్లకి ఒక మంచి మాట వచ్చిందని నీకు కళ్లు కుడుతున్నాయి. ఇంకొక్కసారి ఆ మాట అన్నావంటే చూడు.” ఆవిడ కూతురి మొహం రెండు చేతుల్లోకి తీసుకుంది. ఏడుస్తోంది, నవ్వుతోంది. “నేను గది సర్దుతాను. అల్లుడు వచ్చి ఎక్కడ పడుకుంటాడు? నీ గదిలో కిటికీ కూడా లేదు.”

“అన్నయ్య వాళ్ల గదికి ఉందిగా అమ్మా” అంది నిదానం.

“అదే మంచి గది” అని అత్తగారు మోకాళ్లు పట్టుకుని మెట్లెక్కడం మొదలుపెట్టింది. “ఒరేయ్, నువ్వూ రా. ఒక్కదాన్నే ఎత్తలేను.”

మొగుడు పెళ్లాన్ని చూశాడు. చెల్లెల్ని చూశాడు. తల్లి వెనక మెట్లెక్కాడు.

ఇద్దరే మిగిలాక వదిన దగ్గరికి జరిగింది. చేతిలో కత్తెర ఉందని గుర్తొచ్చి, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక, చేతిలోనే ఉంచుకుంది.

“నీకు తెలుసు కదే, అతను లేడని.”

“ఉన్నాడు వదినా.”

“ఎక్కడున్నాడు?”

“లేడని అమ్మకి నువ్వు చెప్పేదాకా ఉన్నాడు. చెప్పు, పో. మెట్ల మీదే ఉంది ఇంకా.”

వదిన కదల్లేదు.

పైన ఇనప మంచం లాగుతున్న చప్పుడు మొదలైంది. నేల మీద ఈడుస్తూ, గుమ్మానికి తగిలి ఆగి, మళ్లీ కదిలింది. కుడివైపు వెనక కోడు వంకర కనుక మధ్య మధ్యలో కీచుమంటోంది. అది తన మంచమేనని వదిన ఆ కీచుని బట్టి గుర్తుపట్టింది.